ఏ సంవత్సరపు జీపు?

"దీన్ని ఏ సంవత్సరానికి తీసుకుపోవల్ల నైనా?" అని అడిగినాడు మేస్త్రీ.

గుడుపల్లెలో మా ఇంటి వెనక, ఒకప్పుడు ఎద్దుల్ని కట్టేసిన కొట్టంలో, జీపు నాలుగు ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు, బానెట్ లేదు, ఇంజను చెయిన్ బ్లాకుకి వేలాడుతోంది. ఆర్.సి.లో 1964 అని ఉంది కదా, దానికే తీసుకుపోదాం అన్నాను. ఆయన ఇంజను మీద చెయ్యి వేసి, "1964లో ఇది లేదు. వెనకాల ఈ బాడీ లేదు. ఈ కమ్మీ లేదు. అన్నీ పెరికేస్తే మీ తాత బండి యాడుంటాది ఇంక?" అన్నాడు.

మేస్త్రీ కె.జి.ఎఫ్. గనుల వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాక రాబర్ట్‌సన్‌పేటలో లేత్ పెట్టుకున్నాడు. కొలతలు తమిళంలో, తిట్లు కన్నడంలో, మిగతావన్నీ తెలుగులో చెప్తాడు. మా మూడు రాష్ట్రాల మూలలో అది వింత కాదు. ఆయన అడిగింది మెకానిక్ ప్రశ్న అనుకున్నాను మొదట. అది చరిత్ర ప్రశ్న అని తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో శనివారాలు బెంగళూరు నుంచి రైలెక్కి వచ్చి తుప్పు గీకుతూ చదువుకున్నదీ విన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

మాది మహీంద్రా సి.జె.-3బి. జనం దీన్ని 'హై బానెట్' అంటారు. యుద్ధకాలపు విల్లీస్ జీపు బానెట్ పొట్టిగా ఉంటుంది, దీనిది ఎత్తు. కారణం సోకు కాదు. పాత ఇంజన్లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి. 'హరికేన్' అనే కొత్త ఇంజన్లో గాలి లోపలికొచ్చే వాల్వుల్ని పైన హెడ్డులోకి మార్చారు. దాంతో శక్తి పెరిగింది, ఎత్తూ పెరిగింది. ఉన్న బానెట్ కింద అది పట్టలేదు. విల్లీస్ వాళ్ళు కొత్త బండి గీయకుండా, ఉన్నదాని బానెట్‌నే పైకి లేపారు. అంటే ఈ మోడల్ ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే అతుకు! ఇది మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి జీపు కథ అందరికీ కొంత తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నాలుగు చక్రాల డ్రైవు బండి కావాలని, నమూనా 49 రోజుల్లో తెచ్చివ్వాలని అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ తరఫున కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో నక్షా గీశాడు. బాంటమ్ బండి నెగ్గింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కి, ఫోర్డ్‌కి పోయాయి. యుద్ధం ముగిసేలోపు ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ వాళ్ళకి మిగిలింది ఎక్కువగా ట్రైలర్లు చేసే పని.

మన దేశానికి వస్తే, 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి అక్కడి మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు, ఆ తర్వాత గవర్నర్ జనరల్ కూడా. 1948లో ఇక్కడి కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయి మజగావ్‌లో బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారు చేశారు. అమెరికాలో 1968లో ఆగిపోయిన సి.జె.-3బి, మన దగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. పేరులోని సి.జె. అంటే 'సివిలియన్ జీప్'. మా పల్లెల్లో మాత్రం చాలాకాలం దాన్ని సివిలియన్ల బండి అని ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. పాత జీపుని బాగుచేయడం అనే మాటకి మన దేశంలో మొదట్లోనే చెడ్డపేరు వచ్చింది. 1948లో కాశ్మీర్ యుద్ధం జరుగుతుండగా, లండన్‌లో మన హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ మామూలు పద్ధతుల్ని పక్కనపెట్టి, సైన్యం కోసం రిపేరు చేసిన పాత జీపులు కొనడానికి ఒక విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. లెక్క సుమారు 80 లక్షల రూపాయలు. చేరినవి 155. అవి పనికిరానివని తేలింది. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణం అని పుస్తకాలు చెప్పేది దీన్నే. దాని మీద వేసిన విచారణ సంఘానికి నాయకుడు మా జిల్లా మనిషే: తిరుచానూరులో పుట్టి, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. సంఘం సూచనలు పక్కకి పోయాయి. 1955 సెప్టెంబరులో ప్రభుత్వం కేసు మూసేసింది. మరుసటి ఏడాది మీనన్ కేంద్రమంత్రి, 1957లో ఏకంగా రక్షణమంత్రి! ఈ కథ చెప్తే మేస్త్రీ అడిగింది ఒకటే: "ఆ 155 బండ్లకి ఇంజను బోరింగ్ చేసినారా, ఉత్త పెయింటు కొట్టినారా?"

మా బండికి మొదటి యజమాని ప్రభుత్వమే. ఆర్.సి. పుస్తకం మొదటి పేజీలో పంచాయతీ సమితి అని ఉంది. 1959 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలయ్యాక బ్లాకు బ్లాకుకీ ఒక సమితి, సమితికి ఒక బి.డి.ఓ., ఆయనకొక జీపు. ఎరువుల గురించి చెప్పడానికి వచ్చినా, అప్పు వసూలుకి వచ్చినా అదే జీపు. మా అవ్వ భాషలో 'జీపొచ్చింది' అంటే బండి వచ్చిందని కాదు, 'వాళ్ళు' వచ్చారని. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజుల్లో, జీపు చప్పుడు వినపడితే మగవాళ్ళు వేరుశనగ చేలల్లోకి దిగిపోయేవాళ్ళట. అది ఈ జీపేనా అని అడిగితే, "అన్నీ ఒగే మాదిరి అరిసేవి, ఎవురికి తెలుసు" అంది.

ఆ జీపుని 1979లో సమితి వాళ్ళు వేలం వేస్తే మా తాత పాడుకున్నాడు. ఊళ్ళో కొందరు నవ్వారు. పెట్రోలు తాగే బండి, పొలం పనికి రాదు, అధికారి కాని మనిషికి జీపెందుకు అని. పదేళ్ళ పాటు వాళ్ళు నవ్వింది నిజమే అయింది. 1973 చమురు సంక్షోభం నుంచి పెట్రోలు ధర పెరగడమే తప్ప తగ్గింది లేదు. హరికేన్ ఇంజను మంచిదే కానీ దాహం ఎక్కువ. బండి ఎక్కువ రోజులు కొట్టంలోనే ఉండేది.

దాని తలరాత మార్చింది ఫ్రాన్స్ వాళ్ళ ఇంజను. మహీంద్రా వాళ్ళు పెజో కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని ఎక్స్.డి.పి. అనే డీజిలు ఇంజన్ని ఇగత్‌పురి దగ్గర చేయడం మొదలుపెట్టారు. 2112 సి.సి., 62 హార్స్ పవర్. 1980ల్లో వచ్చిన 540 జీపుల్లో ఉన్నది అదే. 1989లో తాత యాక్సిడెంటైన ఒక 540 నుంచి ఆ ఇంజన్ని కొని మా జీపులో పెట్టించాడు. పాత మూడు గేర్ల డబ్బాకి కొత్త ఇంజను నేరుగా కూర్చోదు. మధ్యలో ఒక ఇనుప ప్లేటు లేత్ మీద కోయించారు. దాని మీద ఉలితో చెక్కిన కొలతలు ఇప్పటికీ కనపడతాయి. ఆర్.సి.లో ఇంజను నంబరు కొట్టేసి కొత్తది రాసి, ఇంధనం దగ్గర 'డీజిల్' అని మార్చి ముద్ర వేశారు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు అది గుడుపల్లె, కుప్పం మధ్య సర్వీసు తిరిగింది. వెనక రేకు కోసి బాడీని పొడిగించారు, ఎదురెదురుగా బెంచీలు వేశారు, పైన క్యారియరు, వెనక నిలబడే మెట్టు, పట్టుకోవడానికి అడ్డ కమ్మీ. పట్టుగూళ్ళ బుట్టలు, టమోటా గంపలు, పరీక్షలకి పోయే పిలకాయలు, నొప్పులొచ్చిన ఆడవాళ్ళు. ఆరుగురి బండిలో పదహారు మంది. మా చిన్నత్త పుట్టింట పురుడు పోసుకోవాల్సింది, దారిలోనే ఈ బెంచీ మీద పోసుకుంది. చట్టం ప్రకారం ఇదంతా తప్పే. ఓవర్‌లోడు జీపులు బోల్తాపడి ఎంతమంది పోయారో మా ప్రాంతంలో ఎవర్నైనా అడగండి. నేను దాన్ని అందమైన జ్ఞాపకంగా మార్చదలచుకోలేదు. కానీ బస్సు లేని ఊళ్ళకి బస్సు అదే. చూసి పారిపోయిన జీపుని జనం చెయ్యెత్తి ఆపింది ఆ పన్నెండేళ్ళలోనే.

ఇప్పుడు మేస్త్రీ ప్రశ్న దగ్గరికి వద్దాం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన సొంత బండికి 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. మొదటిసారి 20,000 రూపాయలు, పదేళ్ళకి, తర్వాత 5,000. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు ఉండకూడదు. దీనికి ముందే, 2019 జనవరిలో, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లు మారేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ రెండిటికీ కారణాలున్నాయి, నేను కాదనను. అయితే ఆ లెక్కన మా జీపు చరిత్ర 1964లో మొదలై 1979లోనే ఆగిపోవాలి. వింటేజ్ అనిపించుకోవాలంటే అది మళ్ళీ బి.డి.ఓ. జీపు కావాలి.

నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. మా రైలుమార్గం 1864 నాటిది. ఒక కొసన చెన్నై పుదుపేట, ఇంకో కొసన బెంగళూరు శివాజీనగర్ గుజిరీ. పాత బండ్ల సామాను దొరికే రెండు పెద్ద అంగళ్ళ మధ్యలో ఉంది గుడుపల్లె స్టేషను. పుదుపేటలో నాకు హరికేన్ బ్లాకు ఒకటి దొరికింది, పగుళ్ళు లేనిది. కొనేశాను. కొట్టానికి తెచ్చి పక్కన పెడితే మేస్త్రీ దాన్ని తడిమి చూసి, బాగుందన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మనసు మార్చుకోవడానికి ఒక కారణం ఇంకో పాతబండి. 1982లో ఎన్.టి.ఆర్. రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాను. దాన్ని వేదికగా, ఇల్లుగా, మైకు బండిగా మార్చుకున్నారు. కొడుకు హరికృష్ణ నడిపాడు. 1983 జనవరికల్లా ప్రభుత్వం మారింది. దాన్ని ఎవరైనా విప్పేసి షెవర్లే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేస్తామంటే పార్టీలతో పని లేకుండా అందరూ కొట్లాటకి వస్తారు. ఆ బండికి చరిత్ర ఉన్నదే మార్పుల వల్ల. పెద్దవాళ్ళ బండికి ఒక న్యాయం, సర్వీసు జీపుకి ఇంకొకటా?

కాబట్టి పెజో ఇంజను ఉంటుంది. అది ఆర్.సి.లో ఎక్కిన ఇంజనే కాబట్టి గొడవ లేదు. వెనక బాడీ మాత్రం సగమే నిలబెట్టగలిగాం, కాగితాల్లో లేని పొడుగంతా కోసేశాం. క్యారియరు పోయింది. బెంచీల్లో ఒకటి ఇంట్లో వరండాలో ఉంది. ఆ కమ్మీని కోసేటప్పుడు చూశాను. అరచేతులు రాసుకుని రాసుకుని మధ్యలో ఇనుము సన్నబడింది, అద్దంలా నున్నగా ఉంది. దాన్ని డ్యాష్‌బోర్డు కింద పిడిలా వెల్డింగ్ చేయించాను.

కొత్తగా పెట్టిన వాటిలో నాకు పట్టుదల ఉన్నది బ్రేకుల విషయంలోనే. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిలు దారి. ఎక్కడ ఒక పైపు కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. ముందుకీ వెనక్కీ వేర్వేరు దారులుండే మాస్టర్ సిలిండర్ పెట్టించాం. డిస్కులు కావాలని నేను, డ్రమ్ములు చాలని మేస్త్రీ వాదించుకున్నాం. ఆయన నెగ్గాడు. ఎలాగూ వెనక యాక్సిల్లో 5.38 పళ్ళ నిష్పత్తి, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు అయిదుసార్లకు పైనే తిరగాలి. అరవై దాటితే ఇంజను ఏడుస్తుంది. మిట్టలెక్కడానికి చేసిన బండి అది, పరిగెత్తడానికి కాదు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాం, ముందు సీట్లకి బెల్టులు బిగించాం.

2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలన్నీ తుక్కుకే పోవాలని నిబంధన వచ్చింది. తాలూకాఫీసుల ముందు చింతచెట్ల కింద కూర్చున్న జీపులు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి. వేలంలో బండిగా పాడుకుని ఇంటికి తోలుకొచ్చే వీలు ఇక ఏ తాతకీ లేదు.

హరికేన్ బ్లాకు టార్పాలిన్ కింద అలాగే ఉంది. అమ్మమని ఇద్దరు అడిగారు, ఇంకా ఇవ్వలేదు. జీపుని వచ్చే నెల ఎఫ్.సి.కి తీసుకుపోవాలి. మొన్న కుప్పం రోడ్డులో తోలి చూశాం. బ్రేకు తొక్కితే బండి కొంచెం ఎడమకి లాగుతోంది. లైనింగు మళ్ళీ విప్పాలంటున్నాడు మేస్త్రీ.