సింధియా యార్డులో యుద్ధపు రోజులు

విశాఖ ఓడల కర్మాగారం మాటెత్తగానే అందరికీ 1948 మార్చి 14 గుర్తుకు వస్తుంది. ఆ రోజు పండిట్ నెహ్రూగారు ‘జల ఉష’ అనే 8,000 టన్నుల ఓడను నీటిలోకి దింపారు. దానికి ఫొటోలున్నాయి, ఉపన్యాసాలున్నాయి. అంతకుముందు అక్కడ మట్టి మోసిన కూలీల సంగతి ఎవరూ ఎత్తరు. మా పెదనాన్నగారు ఆ రోజుల్లో అక్కడ టైమ్ కీపరు. ఆయన నోట విన్నవీ, తరువాత చదివినవీ కలిపి సభ్యుల ముందుంచుతున్నాను.

సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరపున వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన ఈ యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు శంకుస్థాపన చేశారు. యుద్ధం ముమ్మరంగా ఉంది, ఓడల అవసరమూ ఉంది. అయినా స్వదేశీ కంపెనీ ఓడలు కట్టడానికి తెల్లదొరల ప్రభుత్వం ఏమీ ఉత్సాహం చూపలేదు. కనుక యుద్ధకాలంలో అక్కడి కూలీలు కట్టింది ఓడను కాదు, యార్డునే. చిత్తడి నేలను మెరక చేయడమే పెద్ద పని. ఆడవాళ్లు సైతం తట్టలు మోసేవారట.

వారిలో కొందరు ‘రంగం’ నుంచి వచ్చినవారు. మన ఉత్తరాంధ్రలో రంగూన్‌ను అలాగే అనేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేయగానే, అక్కడి రేవులో బరువులు మోసే మనవాళ్లు వేలాదిగా ఇంటిదారి పట్టారు. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు అడవుల గుండా కాలినడకన. అలా వచ్చి ఇక్కడ తట్ట ఎత్తుకున్నవారికి, 1942 ఏప్రిల్ 6 సోమవారం నాడు మళ్లీ అదే చప్పుడు వినిపించింది. ‘రియూజో’ అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి.

పట్నం చాలావరకు ఖాళీ అయింది. పెద్దలు బళ్లు కట్టించుకుని అనకాపల్లి, విజయనగరం వైపు వెళితే ‘తరలి వెళ్లారు’ అనీ, కూలీలు వెళితే ‘పారిపోయారు’ అనీ అనడం నాకెప్పుడూ నచ్చదు. పని మళ్లీ సాగినప్పుడు తట్ట పట్టింది ఆ కూలీలే కదా!

బర్మా బియ్యం రావడం ఆగి ధరలు మండిపోయాయి. చోడి అంబలితో పూట గడిచేది. మనం ప్రతి ఆరు నెలలకూ ఎదురుచూసే కరువు భత్యం కథలోనూ ఆ యుద్ధానికి పెద్ద పాత్రే ఉంది. జి.ఐ.పి. రైల్వే కార్మికుల కోర్కెపై 1940లో బెనగళ్ నరసింగరావుగారు విచారణ జరిపారు. నెల జీతగాళ్లకు అటువంటి ఆసరా కొంత దొరికింది. మేస్త్రీ కింది దినకూలీకి ఏముంటుంది?

1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైంది. సర్వీసు రిజిస్టరు ఉన్నవారి సేవ లెక్కకు వచ్చింది. మస్టరు రోలులో వేలిముద్ర వేసినవారిది రాలేదు. మన సభ్యుల ఇళ్లలో ఆనాడు అక్కడ పనిచేసిన పెద్దల పేర్లు, ఊళ్లు తెలిసినవారుంటే ఒక కార్డుముక్క రాసి సంఘానికి పంపగోరుతున్నాను.