నమలు శక్తి: తగ్గించేది వయస్సా, దంతనష్టమా?

పళ్లున్నప్పుడు సెనగలు లేవు, సెనగలున్నప్పుడు పళ్లు లేవు అన్న మాట మన ఇండ్లలో వినబడుతూనే ఉంటుంది. ముసలితనమూ, నమలలేకపోవడమూ ఒకదాని వెంట ఒకటి రాక తప్పదని ఆ మాటలోని భావము. ఆకువక్క చిన్న రోటిలో దంచుకొని నోట వేసుకొనే తాతలను, మజ్జిగన్నము మెత్తగా పిసుకుకొని తినే అవ్వలను చూచినవారికి ఇందులో సందేహింపదగినది ఏమీ కనబడదు. కాని నమలు శక్తి తగ్గడానికి కారణము వయస్సేనా, లేక వయస్సుతోపాటు ఊడిపోయిన పళ్లా? ఈ రెండింటిని విడదీసి చూడడానికి మానవునికి చాల కాలము పట్టినది.

ఈ కథకు మిక్కిలి పాత సాక్ష్యము ఒకటి జార్జియా దేశములోని ద్మనీసి అనేచోట దొరికినది. అక్కడి త్రవ్వకాలలో 2002లో ఒక పుర్రె, మరుసటి సంవత్సరము దాని క్రింది దవడ బయటపడినవి. అవి సుమారు 17 లక్షల 70 వేల సంవత్సరాలనాటివి. ఆ మనిషికి ఒక్క కోరపన్ను తప్ప తక్కిన పళ్లన్నీ బ్రతికుండగనే ఊడిపోయినవి. ఆ సంగతి ఎట్లు తెలిసినది? పన్ను ఊడిన తరువాత దానిని పట్టి ఉంచిన ఎముక మెల్లమెల్లగా కరగి, గుంట పూడిపోతుంది. మరణించిన తరువాత ఊడిన పన్ను గుంట అట్లే ఉండిపోతుంది. ఈ దవడలలో గుంటలు పూడి ఉన్నవి. కనుక ఆ ఆదిమానవుడు పళ్లు లేకుండ కొన్ని సంవత్సరాలు బ్రతికినాడన్నమాట. తోటివారు ఆదుకొని ఉంటారని కొందరు శాస్త్రజ్ఞులు అన్నారు. ఎముకలోని మూలుగ వంటి మెత్తని ఆహారముతో తనంతట తానే బ్రతికి ఉండవచ్చునని మరికొందరు అన్నారు. ఏది నిజమైనా, నమలలేనివాని బ్రతుకు అప్పటికే ఒక సమస్య.

నాగరికత పెరిగిన తరువాత ఈ సమస్యకు కట్టుడు పళ్లు పరిష్కారముగా వచ్చినవి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణస్వీకారము చేసేనాటికి ఆయన నోట స్వంత పన్ను ఒక్కటే మిగిలి ఉన్నది. ఆయనవి కొయ్యపళ్లని ఒక కథ ప్రచారములో ఉన్నది కాని అది నిజము కాదు. నీటిగుర్రపు దంతము, మనుష్యుల పళ్లు, సీసము వంటివి ఉపయోగించి, స్ప్రింగులు బిగించి చేసిన పళ్లు అవి. స్ప్రింగులు రెండు వరుసలను ఎడముగా త్రోస్తూ ఉండడము వలన నోరు మూసి ఉంచడానికే ఆయన దవడలు బిగబట్టవలసి వచ్చేది. దేశాన్ని ఏలినవానికే ఇట్టి అవస్థ అయితే సామాన్యుల మాట చెప్పనక్కర లేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధములో గట్టి రబ్బరుతో పళ్లకు పీఠము చేయడము వచ్చి, వెల తగ్గినది. కాని ఆ పళ్లతో ఎంతమేరకు నమలగలము అన్న ప్రశ్నకు అప్పటికి సరియైన కొలత లేదు.

మొదట కొలిచినది నమలడమును కాదు, బలమును. ఇటలీ దేశస్థుడైన బొరెల్లి జంతువుల చలనముపై వ్రాసిన గ్రంథము 1680–81లో వెలువడినది. అందులో ఆయన క్రింది దవడకు బరువులు వ్రేలాడగట్టి, దవడ కండరములు ఎంత ఎత్తగలవో పరీక్షించిన సంగతి చెప్పినాడు. 1895 నాటికి అమెరికాలో దంతవైద్యుడు జి. వి. బ్లాక్ కాటు బలమును కొలిచే యంత్రమును తయారుచేసినాడు. అయితే ఒక చిక్కు మిగిలినది. రోకలి ఎంత బరువో తెలిసినంత మాత్రాన పిండి ఎంత మెత్తగా వస్తుందో తెలియదు. నోటిలో పళ్లు ఒక్కటే పనిచేయవు. నాలుక, బుగ్గలు ముద్దను మాటిమాటికి పళ్ల మధ్యకు నెడుతూ ఉంటాయి. లాలాజలము దానిని తడిపి ముద్ద కట్టిస్తుంది.

పిండి మెత్తదనము తెలియాలంటే జల్లెడ పట్టవలె. శాస్త్రజ్ఞులు చివరకు చేసినది కూడ అదే. 1950లో అమెరికాలో మాన్లీ, బ్రేలీ అనేవారు ఈ పద్ధతిని చక్కగా స్థిరపరచినారు. మనిషికి వేరుసెనగ గింజలు ఇచ్చి, లెక్క ప్రకారము నమలించి, మ్రింగనీయక ఉమియించి, నీటితో జల్లెడ పట్టి, ఎంత భాగము క్రిందికి దిగినదో చూచినారు. ఎంత ఎక్కువ దిగితే అంత బాగా నమలినట్లు. 1964లో కపూర్, సోమన్ అనేవారు ఇట్టి పరీక్షలే జరిపి, పూర్తి కట్టుడు పళ్లు గలవారి నమలు శక్తి సహజదంతములు గలవారి శక్తిలో ఆరవ వంతు కంటె తక్కువ అని తెలిపినారు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచింపవలె. కట్టుడు పళ్లవారు సాధారణముగా వృద్ధులు. మరి లోపము పళ్లదా, వయస్సుదా? తేల్చడానికి ఒకే దారి ఉన్నది: పళ్లు చెడని వృద్ధులను, పళ్లు చెడని చిన్నవయస్సువారితో పోల్చిచూడడము. ఫెల్డ్‌మన్, కపూర్ మొదలైనవారు అట్టి పరిశీలన చేసి 1980లో ఫలితములు ప్రకటించినారు. పళ్లు పూర్తిగా ఉన్నవారిలో వయస్సు పెరిగినా ఆహారము నలిగే తీరు దాదాపు మారలేదు. మారినది ఒక్కటే: మ్రింగడానికి ముందు వృద్ధులు ఎక్కువసార్లు నమలుతున్నారు.

దీనిని అర్థము చేసుకోవడము కష్టము కాదు. వయస్సుతో దవడ కండరములు కొంత పలుచబడతాయి. కొందరిలో, ముఖ్యముగా కొన్ని మందులు వాడేవారిలో, లాలాజలము తగ్గుతుంది. ఆ కొరతను శరీరము మరి నాలుగు నమళ్లతో పూడ్చుకుంటుంది. పళ్లే పోయినప్పుడు మాత్రము ఎన్నిసార్లు నమలినా ఆ కొరత పూడదు. అప్పుడు మనిషి గట్టి కాయలు, పచ్చికూరలు, పప్పుగింజలు మానివేసి మెత్తని పదార్థములకే అలవాటు పడతాడు. శరీరమునకు కావలసిన పోషకములు అందులో తగ్గిపోతాయి.

ఈ జ్ఞానమును ఒక దేశము ఆచరణలో పెట్టి చూపినది. 80వ ఏట 20 స్వంతపళ్లు ఉండవలెనన్న లక్ష్యముతో జపాను 1989లో ఒక ఉద్యమము ప్రారంభించినది. ఆనాడు ఆ వయస్సువారిలో పదింట ఒకరికైనా అన్ని పళ్లు లేవు. 2016 నాటి లెక్కలలో సగముమందికి పైగా ఉన్నవి. ఆ మధ్య కాలములో మనుష్యుల వార్ధక్యము మారలేదు, పళ్లను కాపాడుకొనే పద్ధతి మారినది.

పళ్లను పోగొట్టేవి ముఖ్యముగా రెండు: పిప్పి, చిగుళ్ల జబ్బు. మొదటిదానికి తరచు తినే తీపి, రెండవదానికి శుభ్రత లేకపోవడము, పొగాకు తోడ్పడతాయి. ఇవి ముసలితనములో మొదలయ్యేవి కావు. బడిలో చదువుకొనే వయస్సులోనే వీటికి పునాది పడుతుంది. కనుక ఉపాధ్యాయులు ఈ చరిత్రను పిల్లలకు చెప్పేటప్పుడు ఒక మాట చేర్చవచ్చును: సెనగలు దొరికేనాటికి పళ్లుండవన్నది ప్రకృతి నియమము కాదు, చాలవరకు మన అజాగ్రత్త ఫలితము.