కార్బోహైడ్రేట్లు: ఇంధనం నుంచి కణాల గుర్తింపు దాకా

కార్బోహైడ్రేట్ల పరిశోధన చక్కెరతో మొదలైంది. 1747లో బెర్లిన్ రసాయనవేత్త ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ బీట్ దుంప నుంచి చక్కెర స్ఫటికాలు తీసి, అది చెరకులో దొరికే చక్కెరేనని చూపాడు. 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ పిండిని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో మరిగించి తియ్యటి పాకం తయారుచేశాడు. 1819లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రాకోనో నారబట్ట పీలికల నుంచి కూడా చక్కెర రాబట్టాడు. 1838లో పాయెన్ మొక్కల కణకవచాల్లోని సెల్యులోజ్‌ను వేరుచేశాడు. తినే పిండికీ కట్టుకునే బట్టకీ మూలం చక్కెరేనని అలా తేలింది.

జంతువుల శరీరంలో చక్కెర ఎలా పుడుతుందో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కనుక్కున్నాడు. ఆయన ఒక కాలేయంలోకి నీళ్లు ఎక్కించి, చక్కెర ఆనవాలు లేకుండా కడిగి పక్కన పెట్టాడు. మర్నాటికి అందులో మళ్లీ చక్కెర పుష్కలంగా చేరింది. దానికి కారణమైన నిల్వ పదార్థం గ్లైకోజెన్‌ను 1857లో వేరుచేశాడు.

గ్లూకోజ్, గెలాక్టోజ్, ఫ్రక్టోజ్ మూడింటిలోనూ 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. తేడా వాటి అమరికలోనే ఉంది. 1874లో వాంట్ హాఫ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం గ్లూకోజ్ తరహా చక్కెరలు 16 రూపాల్లో ఉండవచ్చు. వాటిలో గ్లూకోజ్ ఏదో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ 1891లో తేల్చాడు. ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రూపాల్లో అసలుది ఏదో నిర్ధారించే సాధనం అప్పట్లో లేనందున ఒకదాన్ని ఊహించి ఎంచుకున్నాడు. ఆ ఊహ సరైనదేనని 1951లో ఎక్స్‌రే పరిశోధన రుజువు చేసింది. ఈలోగా 1920లలో బ్రిటన్‌లో హావర్త్ చక్కెర అణువుల వలయాకారాన్ని నిర్ధారించాడు.

పిండి, సెల్యులోజ్‌ల మధ్య తేడా అప్పుడు స్పష్టమైంది. రెండూ గ్లూకోజ్ గొలుసులే. పిండిలో ఆల్ఫా బంధాల వల్ల గొలుసు మెలితిరుగుతుంది. లాలాజలంలోని ఎంజైమ్ దాన్ని తేలిగ్గా తెంచుతుంది. సెల్యులోజ్‌లో బీటా బంధాల వల్ల గొలుసులు తిన్నగా సాగి, పక్కపక్కన గట్టిగా అతుక్కుని పీచుగా మారతాయి. ఆ బంధాన్ని తెంచే ఎంజైమ్ మనిషి ఒంట్లో తయారుకాదు. పశువులు గడ్డిని అరిగించుకోగలిగేది వాటి పొట్టలోని సూక్ష్మజీవుల సాయంతోనే. గ్లైకోజెన్‌వి పిండిలాంటి బంధాలే అయినా కొమ్మలు ఎక్కువ. అనేక కొసల నుంచి ఒకేసారి గ్లూకోజ్ విడుదల కావడంతో శరీరానికి శక్తి త్వరగా అందుతుంది. గ్లైకోజెన్ విచ్ఛిన్నమయ్యే తీరును వివరించిన కోరీ దంపతులకు 1947లో, చక్కెరలను గొలుసుగా కూర్చడానికి తోడ్పడే న్యూక్లియోటైడ్లను కనుగొన్న అర్జెంటీనా శాస్త్రవేత్త లెలోయిర్‌కు 1970లో నోబెల్ బహుమతులు దక్కాయి.

ఇంధనం, నిర్మాణం తర్వాత కార్బోహైడ్రేట్ల మూడో పాత్ర గుర్తింపు. 1923లో న్యూయార్క్‌లో హైడెల్‌బర్గర్, ఆవరీ న్యుమోనియా బాక్టీరియా పైపొర చక్కెర గొలుసులతో ఏర్పడిందనీ, రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తిస్తుందనీ చూపారు. 1950లలో మోర్గన్, వాట్కిన్స్ రక్త గ్రూపుల రహస్యం ఛేదించారు. ఎర్ర రక్తకణాలపై ఉండే చక్కెర గొలుసు చివర ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్ చేరితే ఎ గ్రూపు, గెలాక్టోజ్ చేరితే బి గ్రూపు, ఏదీ చేరకపోతే ఓ గ్రూపు. రక్తమార్పిడిలో ప్రాణం నిలవడమా పోవడమా అన్నది ఆ ఒక్క చక్కెర మీద ఆధారపడవచ్చు.

ఈ జ్ఞానం టీకాలకూ దారి చూపింది. చక్కెర గొలుసు ఒక్కటే ఇస్తే పసిపిల్లల్లో రక్షణ సరిగా ఏర్పడదు. ప్రొటీన్‌కు జోడించి ఇస్తే ఏర్పడుతుంది. టైఫాయిడ్ బాక్టీరియా పైపొర చక్కెరను ఇలా జోడించి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రూపొందించిన టీకాను ఆరు నెలలు నిండిన పిల్లలకూ వేయవచ్చు.