భారత మహిళల టెన్నిసు జట్టులో తెలుగువారి భాగము

నెల్లూరు నుండి ఉత్తరముగా పెన్న దాటి, కోవూరు దాటి, మదరాసు–కలకత్తా రాజమార్గము వెంట కొంత దూరము సాగినచో కొడవలూరు వచ్చును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పెన్నపై ఆనకట్ట వెలసిన నాటినుండి కాలువనీటితో తడిసి, మొలగొలుకుల బియ్యమునకు పేరుగాంచిన యీ మాగాణి సీమలో ఆడపిల్లలకు ఆటలు కొఱవడలేదు. ముంగిట తొక్కుడుబిళ్ల, అరుగుపై అచ్చనగాయలు, తోడి పిల్లలు కూడినప్పుడు ఒప్పులకుప్ప. బడిలో చేరిన పిదప కోకో, కబడ్డీ, వానితోపాటు టెన్నికాయిట్. ఈ చివరిదానికి రెండు గుంజలు, నడుమ ఒక వల, విసరుటకును పట్టుటకును ఒక రబ్బరు చక్రము ఉన్న చాలును. కావుననే పల్లెటూరి పాఠశాలలలో సైతము అది ఆడపిల్లల ఆటగా పాదుకొన్నది. నడుమ వల కట్టి ఆడునదే యైనను టెన్నిసు సంగతి వేరు. రోలరుతో అణచి, నీళ్లు చల్లి, గీతలు గీసి నిత్యము కాపాడుకొనవలసిన కోర్టు, కొలది దినములకే చెడిపోవు బంతులు, తెగినకొలది మార్చవలసిన రాకెట్టు తీగెలు, అన్నిటికి మించి చేయి పట్టి నేర్పు గురువు, ఇవన్నియు ఒకచోట కూడినగాని ఆ ఆట సాగదు. తెల్లదొరల యేలుబడిలో కోస్తా జిల్లాలకు వచ్చిన టెన్నిసు చిరకాలము క్లబ్బుల ప్రహరీల లోపలనే నిలిచిపోవుటకు ఇదియే హేతువు. ఆ ప్రహరీ దాటి లోనికి పోగలిగిన ఆడపిల్లలు ఎవరు, వారిని అచటికి చేయిపట్టి తీసికొనిపోయినవారు ఎవరు అను ప్రశ్నయే భారత మహిళల జట్టు చరిత్రకు మొదటి యధ్యాయమని నా తలంపు.

ప్రపంచమున సైతము స్త్రీల జట్టుపోటీ మిక్కిలి యాలస్యముగా పుట్టినది. పురుషులకు డేవిస్ కప్పు 1900లోనే ఏర్పడగా, స్త్రీలకును అట్టిదొకటి యుండవలెనని అమెరికా క్రీడాకారిణి హేజెల్ వైట్‌మన్ 1919లో ప్రతిపాదించినను దేశదేశముల టెన్నిసు పెద్దలు చెవినబెట్టలేదు. ఆమె యిచ్చిన పాత్ర కొఱకు 1923 నుండి అమెరికా, బ్రిటన్ జట్లు మాత్రము ఏటేట తలపడుచు వచ్చినవి. తుదకు అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య తన ఏబదియేండ్ల పండుగ సందర్భమున, 1963లో, లండను నగరమందలి క్వీన్స్ క్లబ్బులో ఫెడరేషన్ కప్పును ప్రారంభించెను. బహుమతి ధనము లేదు, రానుపోను ఖర్చులు ఎవరివి వారే భరింపవలెను. అయినను పదునాఱు దేశముల జట్లు వచ్చినవి. అంతిమ సమరమున ఆస్ట్రేలియా, అమెరికా చెరియొక ఆట గెలిచి నిలువగా, నిర్ణాయకమైన డబుల్స్ పోటీలో డార్లీన్ హార్డ్, బిల్లీ జీన్ మోఫిట్ జంట విజయము సాధించి తొలికప్పును అమెరికాకు తెచ్చిపెట్టినది. ఆ మోఫిట్ కన్యయే వివాహానంతరము బిల్లీ జీన్ కింగ్ యయ్యెను. 1995లో ఫెడ్ కప్పుగా పేరు కుదించుకొన్న యీ పోటీకి 2020 నుండి ఆమె పేరే పెట్టిరి.

మన దేశము సంగతి చూతము. డేవిస్ కప్పులో భారత పురుషుల జట్టు 1921లోనే అడుగిడినది. 1966, 1974, 1987 సంవత్సరములలో అంతిమ ఘట్టమునకు చేరినది. భారత మహిళల జట్టు ఫెడరేషన్ కప్పులో తొలిసారి యాడినది 1991లో. నడుమ డెబ్బదియేండ్ల యంతరము. ఆడగలవారు లేక యింత కాలము గడచెనని యెవరైన ననినచో నేను సమ్మతింపను. జెన్నీ శాండిసన్ 1929లోనే వింబుల్డన్‌లో ఆడెను. బొంబాయి యువతి లీలా రావు 1934లో అచట ఒక ఆట గెలిచి, అట్లు గెలిచిన తొలి భారతీయ వనితగా నిలిచెను. రీటా దావర్ 1952లో వింబుల్డన్ బాలికల పోటీలో అంతిమ ఘట్టము దాక పోయెను. అటుపిమ్మట నిరుపమా మన్కడ్ వంటివారు దేశమున అగ్రస్థానమున వెలిగిరి. వీరందఱును ఒంటరిగా, ఇంటివారి ధనముతో, ఇంటివారి యనుమతితో పోయినవారు. నలుగురు వనితలను ఒక నాయకుని చేతికప్పగించి, ఒకే రంగు దుస్తులు తొడిగి, దేశము పేర పంపవలెనన్న సంకల్పము మాత్రము దేశమునకు కలుగలేదు.

భారతము ప్రవేశించిన మఱుసటి యేడే, అనగా 1992లో, పోటీకి వచ్చు దేశముల సంఖ్య పెరిగినందున ప్రాంతీయ మండలములను ఏర్పఱచిరి. మనకు దక్కినది ఆసియా–ఓషియానియా మండలము. అందు వర్గములు కలవు; క్రింది వర్గమున గెలిచినవారు పై వర్గమునకు పోవుదురు, ఓడినవారు దిగుదురు; పై వర్గమున కూడ ముందు నిలిచిన ఒకటి రెండు జట్లకే ప్రపంచస్థాయి పోటీల గడప త్రొక్కు అవకాశము లభించును. ఒకే నగరమున అయిదాఱు దినములలో వరుసగా ఆడవలసిన యీ మండల సమరములలో, ప్రతి సమరమునకు రెండు సింగిల్స్, ఒక డబుల్స్. మూడింట రెండు గెలిచినవారిది జయము. ఈ లెక్కను పాఠకులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను. ఇకముందు చెప్పబోవునదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

తెలుగుదేశమున టెన్నిసునకు పట్టుకొమ్మ హైదరాబాదు. 1960లలో డేవిస్ కప్పు ఆడి, తరువాతి కాలమున ఆ జట్టుకే నాయకత్వము వహించిన ఎస్.పి. మిశ్రా ఆ నగరమువాడే. అయినను ఆడపిల్లల విషయమున నగరపు దశ తిరిగినది సానియా మీర్జాతో. 1986లో బొంబాయిలో పుట్టి, హైదరాబాదున పెరిగి, ఆఱవయేట రాకెట్టు పట్టిన యీ బాలిక 2003 ఏప్రిలులో ఫెడ్ కప్పు జట్టులో తొలిసారి యాడి, తాను బరిలో దిగిన మూడు సింగిల్స్ ఆటలను గెలిచెను. అదే యేడు వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచి, హైదరాబాదులో జరిగిన ఆఫ్రో–ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణములను పొందెను. 2005 ఫిబ్రవరి 12వ తేదీన ఫతే మైదానమునందలి లాల్ బహదూర్ స్టేడియము కోర్టులో ఉక్రెయిన్ దేశస్థురాలు అల్యోనా బొందరెంకోను 6–4, 5–7, 6–3 తేడాతో ఓడించి, మహిళల టెన్నిసు సంఘపు సింగిల్స్ కిరీటమును గెలిచిన తొలి భారతీయ వనిత యయ్యెను. ఆ సాయంకాలము తరువాత తెలుగునాట ఆడపిల్ల చేతిలో రాకెట్టు చూచి వింతపడు కాలము గడచిపోయినది. ఆమె వస్త్రధారణపై వచ్చిన విమర్శలను, ఆమె మోకాలిపై, మణికట్టుపై జరిగిన శస్త్రచికిత్సలను ఇచట విస్తరింపను. వానినన్నిటిని భరించి ఆడినదనుట చాలును.

అయితే ఆమె యింతగా వెలుగుచున్న దినములలోనే భారతజట్టు మండలపు రెండవ వర్గమునకు పడిపోవుటయు సంభవించినది. దీనిని వింతగా భావింపనక్కఱలేదు. పైన చెప్పిన లెక్క ప్రకారము ఒక క్రీడాకారిణి యెంతటి ప్రతిభావంతురాలైనను ఒక సింగిల్స్‌ను, డబుల్స్‌లో సగమును మాత్రమే దేశమునకు ఇయ్యగలదు. మణికట్టు గాయము వలన 2013లో సానియా సింగిల్స్‌ను విడిచిన పిదప ఆ పాలు ఇంకను తగ్గినది: మూడింట ఒక్కటి, అదియును భాగస్వామి యుండినప్పుడే.

2015 ఏప్రిలు మాసమున జరిగిన సంగతి నాకు ఈ చరిత్ర మొత్తమునకు శిఖరముగా తోచును. ఆ నెల 12న అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో మార్టినా హింగిస్‌తో కూడి సానియా డబుల్స్ గెలిచెను. 13న వెలువడిన పట్టికలో ప్రపంచ డబుల్స్ మొదటి స్థానము ఆమెది, భారతీయ వనిత కెవ్వరికిని అంతకు ముందు దక్కని స్థానము. 14న హైదరాబాదులో, ఆమె పెరిగిన నగరములో, పదియేండ్ల క్రితము కిరీటము గెలిచిన ఆ స్టేడియములోనే, ఆసియా–ఓషియానియా మండలపు రెండవ వర్గపు పోటీలు ఆరంభము. ప్రపంచమున ప్రథమస్థానము నలంకరించిన క్రీడాకారిణి ధనము గాని, ర్యాంకు గాని, విశేషకీర్తి గాని యొసగని, లోకమున అధికులు పేరైనను వినని ఒక పోటీకై సముద్రములు దాటి వచ్చి, విశ్రాంతియైన కోరక, ఆడునట్టి నాయకురాలై జట్టును నడపెను. అంతిమ సమరము ఫిలిప్పీన్స్‌తో. సింగిల్స్ చెరియొకటి పంచుకొనబడగా, షోలాపూరు జిల్లా బార్షీ నుండి వచ్చిన ప్రార్థనా తోంబరేను ప్రక్కన నిలుపుకొని సానియా నిర్ణాయకమైన డబుల్స్ గెలిచెను. భారతము మొదటి వర్గమునకు ఎక్కినది. ఆమె గెలిచిన ఆఱు గ్రాండ్‌స్లామ్ కిరీటములను లెక్కించువారు ఈ విజయమును లెక్కింపరు. నేను మాత్రము దీనిని వానికి తక్కువగా ఎంచను. ఏలయన అచట ఆమె గెలిచినది తన కొఱకు కాదు, ఆమె వెనుక రానున్న పిల్లలకు మెఱుగైన ప్రత్యర్థులను సంపాదించుట కొఱకు.

2016 తరువాత నాలుగేండ్లు ఆమె యీ పోటీకి దూరమయ్యెను. 2018లో కుమారుడు పుట్టెను. 2020 మార్చిలో దుబాయిలో తిరిగి జట్టులో చేరి, అంకితా రైనాతో జంటగా డబుల్స్ ఆడెను. ఇండొనేషియాతో జరిగిన కీలక సమరమున సింగిల్స్ సమము కాగా వీరి జంట గెలిచినందున, చైనా తరువాత రెండవ స్థానమున నిలిచి భారతము మొట్టమొదటి పర్యాయము, ప్రపంచస్థాయి పోటీలకు గడపయైన ప్లే–ఆఫ్ దశకు అర్హత పొందినది. 1991 నుండి లెక్కింప దాదాపు ముప్పదియేండ్లు. ఆ యేడు ఫెడ్ కప్ హార్ట్ పురస్కారమును భారతీయులలో తొలిసారి అందుకొని, దానితో వచ్చిన 2,000 డాలర్లను సానియా తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చివేసెను. 2021 ఏప్రిలులో లాత్వియాలోని జుర్మలాలో జరిగిన ఆ ప్లే–ఆఫ్‌లో భారతము 1–3 తేడాతో ఓడినది; గెలిచిన ఆ ఒక్కటియు సానియా, అంకితల డబుల్స్ ఆటయే.

ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. ఈ కథలో పెన్న యొడ్డు ఊరి పేరు ఎచటను రాలేదు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు జిల్లాల పల్లెల పేరు రాలేదు. మా కొడవలూరి వంటి యూళ్ల ఆడపిల్లలకు పరుగు, చూపు, ఓర్పు తక్కువ యని నేను నమ్మను; కోకో ఆడుచుండగా చూచిన వారెవ్వరును నమ్మరు. ఒక బాలికను జట్టు దాక తీసికొనిపోవుటకు ఆఱేండ్ల ప్రాయము నుండి నిత్యము తెల్లవాఱుజామున కోర్టునకు చేర్చు తండ్రియో తల్లియో కావలెను. సిమెంటు కోర్టు కావలెను. పరదేశములందలి చిన్న పోటీలకు పోయి ర్యాంకు తెచ్చుకొనుటకు లక్షల రూపాయలు కావలెను. ఇవి పంట డబ్బుతో సంసారము నడపుకొను ఇండ్లకు అందునవి కావు. సానియా తల్లిదండ్రులు నగరమున నుండిన వారు కావుననే, అచట కోర్టులుండుట వలననే, ఆమె ప్రతిభకు ఆధారము దొరకినది. ఆమె పేర నగరశివారున మొయినాబాదు దగ్గఱ 2013లో నెలకొనిన శిక్షణాలయము ఆ యాధారమును ఇతరులకును అందింపవలెనను ఆశయముతో పుట్టినదే. హైదరాబాదు గెలుపులో తోడు నిలిచిన ప్రార్థన అచటనే సాధన చేసినది.

సానియా తరువాత తెలుగిండ్ల పేర్లు జట్టు పట్టికలో ఒక్కొక్కటిగా కనబడసాగినవి. సుంకర రిషిక, బావిశెట్టి సౌజన్య, 2018లో యడ్లపల్లి ప్రాంజల. కొందఱికి ఆడు అవకాశము స్వల్పముగా లభించెను, కొందఱిని గాయములు వెనుకకు లాగినవి; వీరిని గూర్చి పత్రికలు వ్రాసినది తక్కువ. అయినను ఒక జట్టునకు ప్రాణము ఇట్టి వారియందే కలదు. సాధనలో ఎదుట నిలిచి బంతి కొట్టువారు లేనిదే ముందు నిలుచువారు ఎట్లు పదునెక్కుదురు? 2023 ఫిబ్రవరిలో సానియా ఆటకు వీడ్కోలు చెప్పి, మార్చి 5న లాల్ బహదూర్ స్టేడియములోనే తనవారి యెదుట చివరిసారి యాడెను. ఇక హైదరాబాదు నుండి ఎవరు అని అడుగువారికి బదులు అప్పటికే సిద్ధమగుచుండెను. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు శామ్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ కళాశాల జట్టున ఆడి రాటుదేలిన యామలపల్లి సహజ ఒకరు. ఒడ్డుపొడుగు, బలమైన సర్వు గల భమిడిపాటి శ్రీవల్లి రశ్మిక మఱియొకరు. ఇరువురును 2024లో చైనాలోని చాంగ్‌షాలో దేశము పక్షమున ఆడిరి. భారతము మూడవ స్థానమున నిలిచి, ప్లే–ఆఫ్ గడప కొద్దిలో తప్పినది.

2025 ఏప్రిలులో మండలపు పోటీలు పుణె నగరమందలి బాలెవాడిలో జరిగినవి. విశాల్ ఉప్పల్ నాయకత్వమున న్యూజీలాండ్, థాయిలాండ్, హాంకాంగ్, చైనీస్ తైపే, దక్షిణ కొరియాలతో తలపడవలసియుండగా, రశ్మిక తానాడిన అయిదు సింగిల్స్ ఆటలను అయిదింటిని గెలిచెను. తనకంటె పై ర్యాంకువారు ఎదురైనను, ముందు వెనుకలు చూడక బంతిని గట్టిగా కొట్టి గెలిచెను. న్యూజీలాండ్ తరువాత రెండవ స్థానముతో భారతము రెండవసారి ప్లే–ఆఫ్ దశకు చేరినది. ఆ దశ సమరములు ఆ నవంబరులో బెంగుళూరున, ఎస్.ఎం. కృష్ణ టెన్నిసు స్టేడియములో, స్లొవేనియా, నెదర్లాండ్స్ జట్లతో జరిగినవి. ఒకనాడు సింగిల్స్‌లో సానియా యొక్కతెయే దిక్కుగా నుండిన జట్టున, ఈసారి సింగిల్స్ బరువు మోసినవారు సహజ, రశ్మికలు, ఇరువురును హైదరాబాదు పిల్లలే. ఆ గుంపున ప్రథమస్థానము స్లొవేనియాకు దక్కినది. భారతజట్టు మరల ఆసియా–ఓషియానియా మొదటి వర్గమునకు వచ్చినది. 2015లో ఆ వర్గము దాక ఎక్కుటయే ఒక ఘనకార్యము. ఇప్పుడు అది ఓడిన జట్టు దిగివచ్చు తావు.