హృదయానికి మార్గం: కత్తి నుండి జన్యువు దాకా

1974లో అక్కినేని నాగేశ్వరరావు గుండె శస్త్రచికిత్స అమెరికాలో జరిగింది. రెండేళ్ళకు ఆయన అన్నపూర్ణ స్టూడియోస్ హైదరాబాదు కొండలపై ప్రారంభమైంది. 1988లో జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్ చెంతనే, అపోలో ఆసుపత్రి వెలసింది. తెరపై పాత్రలు గుండె పట్టుకొని కూలిపోయే చోటికే అసలైన గుండెవైద్యం చేరిందన్నమాట.

ఆ తరువాతి చరిత్రలో కత్తికంటే కెథీటర్‌దే పెద్దపాత్ర. తొడ లేదా చేతి ధమనిగుండా సన్నని గొట్టాన్ని హృదయధమనుల దాకా నడిపే విద్య స్థిరపడింది. 1990లలో డా. బి. సోమరాజు, ఎ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదులో రూపొందించిన చవకైన స్టెంటుకు కూడా అదే దారి. అయితే స్టెంటు పెట్టినచోట నిలుస్తుంది. కణమూ జన్యువూ అలా నిలవవు; చిక్కంతా ఇక్కడే.

2000లో పారిస్‌లో ఫిలిప్ మెనాషే రోగి తొడ కండరం నుండి పెంచిన కణాలను శస్త్రచికిత్స సమయంలో గుండెలోకి సూదితో ఎక్కించాడు. తరువాత ఎముకమజ్జ కణాలను కెథీటర్ ద్వారా పంపారు. ఆగక కొట్టుకునే గుండె వాటిలో అధికభాగాన్ని నిలుపుకోలేదు. జన్యుచికిత్సదీ ఇంచుమించు అదే కథ. సెర్కా2ఎ జన్యువును ఎఎవి అనే వైరస్‌లో ఇమిడ్చి, గుండె బలహీనపడిన 250 మందితో జరిపిన క్యూపిడ్-2 పరీక్ష విఫలమైనట్లు 2016లో ప్రచురితమైంది. పరిశీలించిన గుండె కణజాలంలో ఆ జన్యువు జాడ అత్యల్పం. కనుక దీనిని జన్యువు వైఫల్యమనడంకంటే చేరవేత వైఫల్యమనడమే సమంజసం. మోతాదు పెంచుదామంటే కాలేయానికి ముప్పు. పూర్వం ఎఎవి సోకినవారిలోనైతే ప్రతిరక్షకాలు వాహకాన్ని దారిలోనే నిర్వీర్యం చేస్తాయి. అందుకే పరిశోధకులు గుండె గదిలోపలి నుండి కండరంలోకే సూది దించే కెథీటర్లను, హృదయసిరలగుండా వెనుదారిన ఎక్కించే పద్ధతిని పరీక్షిస్తున్నారు.