ఎత్తుకునే గొంతు, అందుకునే గొంతు

వేములవాడ పక్కన హన్మాజీపేట అని ఒక ఊరు. తెలుగు పాట రెండు దారులు ఎట్లా పట్టిందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క ఊరు చాలు. 1931లో అక్కడ పుట్టిన సి. నారాయణరెడ్డి హరికథలు, జంగం కథలు, జానపదాలు వింటూ పెరిగారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమా పాటలోకి వచ్చారు. అదే ఊరి మిద్దె రాములు ఒగ్గు కథ పట్టుకున్నారు. ఎల్లమ్మ కథ అంటే ఆయనదే అని పేరు తెచ్చుకొని, 2010 నవంబరులో కన్నుమూశారు. సినారె రాసిన మాట మద్రాసు స్టూడియోలో ఘంటసాల, సుశీల గొంతుల్లోకి ఎక్కి తెలుగువాళ్లున్న ప్రతిచోటికీ వెళ్లింది. రాములు గొంతు మాత్రం బోనాల దగ్గర, పట్నాల దగ్గర, జాతరల్లో తెల్లవార్లూ మోగింది. హన్మాజీపేట మాటను సినిమా తీసుకుంది, గొంతును తీసుకోలేదు. ఆ గొంతు సినిమాదాకా రావడానికి ఇంకో రెండు తరాలు పట్టింది. వచ్చేటప్పుడు ఒకటి దారిలోనే జారిపోయింది. ఈ వ్యాసం దాని గురించే.

ఒగ్గు కథ వినని పట్నం పాఠకుల కోసం కొంచెం ఆగాలి. కురుమలు, గొల్లలు కొలిచే మల్లన్న, బీరప్ప కథలు, ఎల్లమ్మ కథ చెప్పే కళ ఇది. ఓదెల మల్లన్న గుడికి పోతే పసుపు, కుంకుమలతో ముగ్గులు పరిచి ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తుంటారు. పక్కనే డోలు మోగుతుంది, తాళాలు కలుస్తాయి. ‘ఒగ్గు’ అనేది శివుడి డమరుకం పేరు. కథకుడు నడుమ నిలబడి ఒక చరణం ఎత్తుకుంటాడు. చివరి మాటను సాగదీసి గాలిలో వదిలేస్తాడు. పక్కనున్న వంతకారి దాన్ని కింద పడనీయకుండా అందుకుంటాడు. అతను అందుకున్న ఆ రెండు మూడు క్షణాల్లోనే కథకుడు ఊపిరి పీల్చుకోవాలి, నాలుక తడుపుకోవాలి, ముందున్న కథ తలచుకోవాలి. రాత్రి మొదలైన కథ తెల్లారేదాకా నడవాలంటే ఒక్క మనిషి గొంతు సరిపోదు. వంత అలంకారమనుకుంటారు చాలామంది. కానీ అది లేకుండా ఆ పని జరగనే జరగదు.

గొంతు తీరు కూడా ఈ పనిలోంచే వచ్చింది. డోలు పక్కనే పాడాలి, చివరి వరుసలో కూర్చున్న ముసలవ్వకు మాట తెలియాలి, మైకు లేదు. అందుకే శ్రుతి పైన పట్టి, పొట్టలోంచి గాలి తీసి, నోరు పూర్తిగా తెరిచి పాడతారు. మధ్యలో చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చూసేవాళ్లకు అదొక ఫోజులాగ కనపడుతుంది. నిజానికి ఆ మోతలో తన గొంతు తనకు వినపడడానికి పెట్టుకునే చెయ్యి అది. ఇప్పుడు రికార్డింగ్ బూత్‌లో గాయకులు హెడ్‌ఫోన్ ఒక చెవికి ఉంచుకొని రెండో చెవి వదిలేసేదీ ఆ అవసరం కొద్దే.

వంత ఒక్క ఒగ్గుకే ఉన్నది కాదు. శారద కథలో ముందు పాడేవాడి వెనక ఆడవాళ్లు అందుకుంటారు. వరినాట్లలో ఒకామె ఎత్తుకుంటే గట్టుదాకా వంగిన వరుసంతా పలుకుతుంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు కథ పాడుతుంటే మిగిలినవాళ్లంతా ‘ఉయ్యాలో’ అంటారు. పాట రానివాళ్లు ఆ ఒక్క మాట పలికితే చాలు, వాళ్లూ పాడినవాళ్లే. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల పురాణాలను పాడేది వాళ్ల భాటులైన ప్రధాన్‌లు. కిక్రి తీగల మీద కమాను ఆడిస్తూ పెద్దాయన పాడుతుంటే పక్కవాళ్లు వెంట నడుస్తారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో ఉండి రాసుకున్నవాటిలో ఈ పాటకాళ్లు మాటిమాటికీ కనపడతారు. భాష గోండీ, వాద్యం వేరు, పాట నడిచే పద్ధతి మాత్రం ఇక్కడిదే.

ఇక సినిమా. 1925లో ఎలక్ట్రిక్ రికార్డింగ్ వచ్చాక ప్రపంచమంతటా గొంతు దిగింది. అమెరికాలో బింగ్ క్రాస్బీ మైకు దగ్గరికి జరిగి, చెవిలో చెప్పినట్టు పాడాడు. అంతకు ముందు నాటకాల్లో పద్యం చివరి బెంచీ దాకా కొట్టేవాళ్లకు ఇది పాటలాగే తోచలేదు. మనకు ఆ మైకును లొంగదీసుకున్న గొంతు ఘంటసాలది. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చిన శాస్త్రం లోపల ఉంచుకొని, నిండుగా, కింది స్థాయిలో, తొణక్కుండా పాడారాయన. 1974లో ఆయన పోయాక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం దాన్ని ఇంకా దగ్గరికి తెచ్చారు. పాటలో నవ్వు, ఏడుపు, ఊపిరి చప్పుడు కూడా పెట్టారు. కరీంనగర్‌లో పెండ్లి ఆర్కెస్ట్రాలో పాడే ప్రతి కుర్రాడూ కొన్నేండ్లు బాలునే పాడాడు. వాళ్లలో ఎందరికి సహజంగా ఒగ్గు గొంతు ఉండేదో, ఎందరు దాన్ని దాచుకొని పాడారో ఎవరూ లెక్క తీయలేదు.

సినిమాలో కోరస్ లేదా అని అడగొచ్చు. ఉంది. కానీ స్వరం రాసిచ్చింది రాసిచ్చినట్టు పాడే కోరస్ అది. ముందు గాయకుడు ఎప్పుడు మాట వదులుతాడో చూసి అందుకునేది కాదు. గాయకుడికి దానితో అవసరమూ లేదు, ఊపిరి అందకపోతే టేకు ఆపి మళ్లీ పాడొచ్చు. రేడియో దారి కూడా చాలాకాలం అదే. వింజమూరి అక్కాచెల్లెళ్లు అనసూయ, సీత జానపదాలకు పెద్ద మర్యాద తెచ్చారు, కాదనలేం. కానీ వాళ్ల గొంతు లలిత సంగీతపు గొంతు. 1986లో ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం తెరుచుకున్నాక గోండీ కూడా గాలిలోకి వచ్చింది. పాడే జాతి వాళ్ల గొంతే రేడియోలో వినపడటం ఈ ప్రాంతానికి చిన్న సంగతి కాదు.

అసలు మలుపు ఇంకోవైపు నుంచి వచ్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేల మంది కదిలిన ఊరేగింపును జైత్రయాత్ర అంటారు. ఆ రోజుల్లో ఈ కరీంనగర్ జిల్లాలో మీటింగు అంటే ముందు పాట, తరువాతే ప్రసంగం. విప్లవ కళాకారుల సంస్థ జననాట్యమండలి కావాలనే ఒగ్గు కథనూ బుర్రకథనూ చేతిలోకి తీసుకుంది. గద్దర్ గొంగడి కప్పుకొని, గజ్జె కట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారేవారు. మళ్లీ పాటను ఒక్క కేకతో తెంపి మాటలోకి వచ్చేవారు. కథ చెప్పేవాళ్ల పాత పద్ధతి అది. తేడా ఒక్కటే. వంత పట్టేది పక్కన నిలబడ్డ ఇద్దరే కాదు, మైదానమంతా.

దండేపల్లి మండలం లింగాపూర్‌లో 1955లో పుట్టిన గూడ అంజయ్య ఈ కిటుకు బాగా తెలిసిన కవి. ‘ఊరు మనదిరా’ దేశంలో ఇన్ని భాషల్లోకి పోవడానికి దాని రాజకీయం ఎంత కారణమో, కట్టుబడి అంత కారణమని నాకనిపిస్తుంది. మొదటిసారి విన్నవాడు కూడా రెండో చరణానికి అందుకోగలడు. పాడేవాడికి మంచి గొంతు ఉండాలన్న షరతు ఆ పాట పెట్టదు. 2016లో అంజయ్య పోయినప్పుడు కవిగా ఆయన్ను తలచుకున్నవాళ్లు చాలామంది. జనానికి పాట అప్పజెప్పే విద్య తెలిసినవాడని తలచుకున్నది తక్కువ.

ఆ గొంతు వెండితెర మీద నేరుగా వినపడింది 1979లో, గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో. నేపథ్య గాయకుడి నునుపు లేకుండా గద్దర్ తన గొంతుతోనే కనపడ్డారు. అంత గరుకు గొంతు పాటగా చెల్లుతుందని సినిమావాళ్లకు తెలిసింది, తెలిసీ చాలా ఏండ్లు వాడుకోలేదు. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ కోసం గద్దర్ రాసిన పాటను వందేమాతరం శ్రీనివాస్ పాడాకగానీ ఆ తీరుకు మార్కెట్ ఉందని ఒప్పుకోలేదు. శ్రీనివాస్ వచ్చింది ప్రజానాట్యమండలి నుంచి. బహిరంగ సభల గొంతును స్టూడియోలో పట్టేలా ఆయన కొంచెం కుదించారు.

ఈలోపు క్యాసెట్ వచ్చింది. ఒగ్గు కథలూ ఎర్రపాటలూ ఒకే హోటల్ టేప్‌రికార్డర్లో మోగిన కాలం అది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు ముప్పై నిమిషాలు. రాత్రంతా నడిచే కథను ముప్పై నిమిషాల ముక్కలు చేయాలి. సాగదీసిన ఆలాపన, మధ్యలో చెప్పే పిట్టకథ, వంతకారి వేసే ఎత్తిపొడుపు, మొదట తెగింది ఇవే. కథకుల పేరు ఊరూరా తెలిసింది. పక్కనుండి కథను మోసిన వంతకారి పేరు అట్ట మీద ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో పడింది, చాలాసార్లు అదీ లేదు.

తెలంగాణ ఉద్యమం వంతకు మళ్లీ పదేండ్ల ఆయుష్షు పోసింది. 2001 మే 17న కరీంనగర్ ఎస్సారార్ కాలేజీ మైదానంలో సింహగర్జన సభ, మరుసటి ఏడాది సెప్టెంబరు 30న కామారెడ్డిలో మొదటి ధూంధాం. ధూంధాంలో డప్పు పక్కన కీబోర్డు చేరింది, దరువు వేగం పెరిగింది, చేతిలో మైకు పట్టుకొని ఎగురుతూ పాడారు. గొంతు ఒగ్గు కంటే కొంచెం పొట్టిగా, పదునుగా మారింది. అంత వేగంలో చివరి మాట సాగదీసే తీరిక ఉండదు కదా. అయినా వంత ఉంది. వేదిక మీద ఒకరు పాడుతుంటే పదిమంది వెనక ఆడుతూ అందుకున్నారు, కింద వేలమంది. ఆ వేదికల మీద ముందు నిలబడ్డ రసమయి బాలకిషన్ 2014లో మానకొండూరు ఎమ్మెల్యే అయ్యారు. ఓటు అడగడానికి కూడా ఈ జిల్లాలో పాటే వెళ్లింది.

యూట్యూబ్ వచ్చాక లెక్క మారింది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్‌లలో పాట రాసి, కట్టి, పాడి, పొలం గట్టున వీడియో తీసి విడుదల చేసే జట్లు బోలెడు. గరుకు గొంతు కుర్రాడికి ఇప్పుడు మద్రాసు పోవాల్సిన పనీ లేదు, హైదరాబాద్ పోవాల్సిన పనీ లేదు. ఇది మంచి, ఇందులో అనుమానం లేదు. కానీ ఆ పాటలు వరుసగా పది వినండి. వంత పట్టే నలుగురూ ఒకరే అని చాలాసార్లు చెవికి తెలిసిపోతుంది. ఒకే గాయని నాలుగుసార్లు పాడితే ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పైన ఆటోట్యూన్. 1997లో అమెరికాలో శ్రుతి తప్పులు దిద్దడానికి చేసిన సాఫ్ట్‌వేర్ అది. మరుసటి ఏడాది షేర్ అనే గాయని పాటలో కావాలనే బయటికి వినపడేలా వాడారు. మన దగ్గర దాన్ని అటు దిద్దడానికీ ఇటు మెరుపుకూ రెంటికీ వాడుతున్నారు. ఒగ్గు గొంతులో స్వరానికి కొంచెం కిందగా మొదలై పైకి ఎక్కే జారుడు ఒకటుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు అది తప్పుగా కనపడుతుంది, సాపు చేసేస్తుంది. గరుకు మిగులుతుంది, జారుడు పోతుంది. ఊరిగొంతు ఇంత బాగా వినపడుతున్నా ఏదో వెలితి అని పెద్దవాళ్లు అంటే, ఛాదస్తమని కొట్టిపారేయకండి.

తమాషా ఏమిటంటే ఇప్పుడు ఎదురు ప్రయాణం కూడా నడుస్తోంది. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాడిన మోహన భోగరాజు ‘బాహుబలి’లో పాడిన సినిమా గాయని. ఆ ఏడాదే మంచిర్యాలలో ఒక పెండ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. ఒకప్పుడు ఊరి గాయకులు సినిమా గొంతును అనుకరించారు, ఇప్పుడు సినిమా గాయకులు ఊరి గొంతును వెతుక్కుంటున్నారు. అదే ఏడాది ఎ.ఆర్. రహమాన్ కట్టిన బతుకమ్మ పాట ‘అల్లిపూల వెన్నెల’ వచ్చింది. మిట్టపల్లి సురేందర్ రాశారు, ఉత్తరా ఉన్నికృష్ణన్ పాడారు. మంచి పాటే, వినడానికి. ఆడుకోవడానికి దాన్ని పెట్టుకుంటే మాత్రం పాడే పని పెట్టెకే పోతుంది. సద్దుల బతుకమ్మ నాడు చాలా వాడల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. స్పీకర్లో పాట వస్తుంది, ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. పాడుతూ తిరగడం రాని ఒక తరం అప్పుడే తయారైంది.

‘బలగం’ జనాన్ని ఎందుకు అంతగా కదిలించిందో నా లెక్క ఇక్కడ చెప్తాను. సిరిసిల్ల వాడైన వేణు యెల్దండి 2023లో తీసిన ఆ సినిమాను తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టుకొని గుంపుగా చూశారు. అందులో కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ను రామ్ మిరియాల, మంగ్లీ పాడారు. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ జనం ఏడ్చింది చివర్లో బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడినప్పుడు. కథ బాగుందనీ, చావు సన్నివేశమనీ కారణాలు చెప్తారు, అవీ నిజమే. నా చెవికి తట్టింది ఇంకొకటి. మొగిలయ్య మాట వదిలిన చోట కొమురమ్మ అందుకుంటుంది. ఏండ్లకేండ్లుగా కలిసి పాడిన ఇద్దరు మనుషులే అట్లా అందుకోగలరు, ట్రాకు మీద ట్రాకు పేరిస్తే రాదు. మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయారు.

చివరగా గోదావరిఖని అమ్మాయి మధుప్రియ. చిన్నపిల్లగా ‘ఆడపిల్లనమ్మా’ పాడి ఇంటింటికీ తెలిసింది. ఆ గొంతులో ఇక్కడి యాస, గాలినిండా తెరుచుకునే నోరు రెండూ ఉన్నాయి. 2017లో ‘ఫిదా’లో ఆ గొంతును సినిమా మార్చకుండా తీసుకుంది. 2025 సంక్రాంతికి ‘సంక్రాంతికి వస్తున్నాం’లో సంగీత దర్శకుడు భీమ్స్ ఆమెను రమణ గోగులతో కలిపి ‘గోదారి గట్టు’ పాడించారు. ఒకవైపు 1990ల చివరి పాప్ గొంతు, ఇంకోవైపు బొగ్గుబావుల పక్క గొంతు. హన్మాజీపేట మాటకు ఘంటసాల గొంతు అరువు కావాల్సి వచ్చిన 1962తో పోలిస్తే ఎంత దూరం వచ్చామో చూడండి. గొంతు గెలిచింది. ఇప్పుడు సినిమా సంగీత దర్శకులు ఎవరైనా ఒక్క సాహసం చేస్తే చూడాలని ఉంది. ఒగ్గు కథకుణ్ని పిలిచినప్పుడు ఆయన వంతకారిని కూడా పిలిచి, ఇద్దరికీ కలిపి ఒకే మైకు పెట్టి, టేకు మధ్యలో ఆపకుండా పాడించడం. ఖర్చు పెద్దగా ఉండదు.