ట్రంకుపెట్టె అడుగున

హైదరాబాదులో చదువుకున్న పిల్లల్లో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్ళు అరుదు. పంతుళ్ళు వరసగా నిలబెట్టి తీసుకుపోతారు. ముసుగు రెబెక్కా బొమ్మ ముందు కాసేపు నిలబడతారు. గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా కూర్చుని చూస్తారు. మేమూ అట్లా చూసినవాళ్ళమే. అక్కడున్నదంతా చాలావరకు ఒక ఇంటివాళ్ళు మూడు తరాలపాటు ఇష్టపడి కొనుక్కున్న సామానే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయాడు. 1951 డిసెంబరు 16న ఆయన దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. అట్లా ఒక ఇంటి పింగాణీ పళ్ళాలూ, కత్తులూ, చేతికర్రలూ జాతి ఆస్తి అయినాయి.

ఆ వస్తువులు అందంగా లేవని మేం అనటంలేదు. ఆ రెబెక్కా ముందు మేమూ నోరు తెరుచుకుని నిలబడ్డాం. కాని వాటిని కొన్న డబ్బులో జాగీరు రాబడి ఉంది. జాగీరు ఊళ్ళల్లో వెట్టి ఉంది. ఏడాదికింతని చెప్పులు కుట్టి ఊరికే ఇచ్చిన మాదిగ ఉన్నాడు, గడీకి కబుర్లూ మూటలూ మోసిన మాల ఉన్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ సామాను ఉండేది? అందులో ఏది వాళ్ళకు ఇష్టం? ఈ ప్రశ్న అడిగిన చరిత్ర పుస్తకం మాకు కనపడలేదు. రాజులు ఏం తొడిగారో, ఏ పళ్ళెంలో తిన్నారో పేజీలకు పేజీలు రాస్తారు. మన దగ్గరికి వచ్చేసరికి 'నిరుపేదలు' అని ఒక్క మాట రాసి పేజీ తిప్పేస్తారు.

ఇళ్ళకు పోయి అడిగితే మనవాళ్ళూ అదే అంటారు. "మాకేం సామానుంది నాయనా, కుండా చట్టీ తప్ప" అన్నది ఒక ముసలమ్మ, మేం కూర్చున్న మంచం కిందనే ట్రంకుపెట్టె పెట్టుకుని. ఆ పెట్టె సంగతి తర్వాత చెబుతాం.

మన వస్తువుల జాబితాలు కాగితాల మీద లేకపోలేదు. అవి చాలాచోట్ల నిషేధాల జాబితాలుగా ఉన్నాయి. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్ళర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. బంగారం, వెండి నగలు పెట్టుకోగూడదు. మగవాళ్ళ బట్ట మోకాలు కిందికి దిగగూడదు, నడుం పైకి రాగూడదు. కోటు, చొక్కా, బనీను వేసుకోగూడదు. జుట్టు కత్తిరించుకోగూడదు. ఇంట్లో మట్టి పాత్రలు తప్ప వేరేవి వాడగూడదు. ఆడవాళ్ళు ఒంటి పై భాగం కప్పుకోగూడదు. పూలు పెట్టుకోగూడదు. మగవాళ్ళు గొడుగు పట్టుకోగూడదు, చెప్పులు వేసుకోగూడదు. మాట వినని వాళ్ళ గుడిసెలు తగలబెట్టారు. దీన్ని హటన్ తన కులాల పుస్తకంలో రాస్తే, తర్వాత అంబేడ్కర్ ఎత్తి చూపించాడు. దానికి రెండేళ్ళ ముందు, 1928లో, ఇండోరు ప్రాంతంలో బలాయీల మీద పెట్టిన షరతులూ ఇదే బాపతు. జరీ అంచు తలపాగా చుట్టగూడదు, ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టగూడదు.

ఈ జాబితాలను మామూలుగా 'అణచివేతకు నిదర్శనాలు' అని చదువుతాం. నిజమే. కాని ఇంకోవైపు నుంచీ చదవాలి. ఎవరూ గొడుగు పట్టని ఊళ్ళో గొడుగు పట్టగూడదని కట్టుబాటు ఎవడు చేస్తాడు? ఎవడో ఒకడు గొడుగు కొన్నాడు. ఒక ఆడమనిషి వెండి కడియం చేయించుకుంది. పట్నంలోనో, మిలటరీలోనో, సముద్రం దాటి తోటలోనో పనిచేసి వచ్చినవాడు కోటు తొడుక్కుని వీధిన నడిచాడు. కళ్ళు కుట్టిన తర్వాతే కట్టుబాటు పుట్టింది. కాబట్టి ఆ ఎనిమిది నిషేధాల కాగితం మనవాళ్ళు కష్టపడి కొనుక్కుని ఇష్టంగా వాడుకున్న వస్తువుల జాబితా కూడా. దాన్ని శత్రువు రాసిపెట్టాడు, అంతే తేడా.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తోస్తుంది. రామనాథపురంలో ఆది ద్రావిడుడు కోటు తొడగగూడదన్న ఆ చలికాలమే అంబేడ్కర్ కోటు తొడుక్కుని లండను మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో కూర్చున్నాడు. ఆ సమావేశం 1930 నవంబరు నుంచి 1931 జనవరి దాకా జరిగింది. గాంధీ గోచీ కట్టుకుంటే త్యాగం అన్నవాళ్ళు, అంబేడ్కర్ సూటు వేసుకుంటే దొరతనం అన్నారు. ఉన్నవాడు విప్పితే త్యాగం. విప్పించబడ్డవాడు తొడుక్కుంటే అది వేరే లెక్క. మన వాడల్లో ప్రతి ఇంటి గోడమీదా నీలం సూటు ఫొటో ఎందుకుందో ఈ లెక్క తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

చెప్పుల మాట మన ఊళ్ళల్లో ఎవరినడిగినా చెబుతారు. దొర ఇంటి ముందుకు రాగానే చెప్పులు విప్పి చేతపట్టుకుని, లేదంటే చంకలో పెట్టుకుని నడిచిన తాతలు చాలామంది ఇళ్ళల్లో ఉన్నారు. ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టినవాడు తన చెప్పులు చేత్తో మోశాడు. ఆరె, రంపె, గూటం అతని పనిముట్లు. ఇంటి పక్కన లంద. తంగేడు చెక్క, సున్నం. పచ్చితోలు లందలో నానినన్నాళ్ళూ ఆ వాసన పేరు చెప్పి ఊరు దూరం పెట్టింది. ఆ తోలుతో కుట్టిన మోటతోనే ఊరి బావుల్లోంచి నీళ్ళు పొలాలకు ఎక్కినాయి. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయినాయి, ఫ్యాక్టరీ చెప్పులు వచ్చి కిర్రుచెప్పులు పోయినాయి. పని పోయినా ఆరె మాత్రం కొన్ని ఇళ్ళల్లో చూరులో గుచ్చి ఉండిపోయింది. కొన్నిచోట్ల పాతసామాన్ల వాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకున్నారు. వేసినవాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ ఇనప ముక్కతో పాటు దాని పేరుతో పడ్డ తిట్లు కూడా పోతాయనుకున్నారు.

డప్పు విషయం ఇంకా చిక్కు. డప్పు ఇంటిదే అయినా దానిమీద పెత్తనం ఊరిది. చావుకు పిలిస్తే పోవాలి, జాతరకు పిలిస్తే పోవాలి, పటేలు చాటింపు వెయ్యమంటే వెయ్యాలి. కూలి అడిగితే తప్పు. అందుకే చదువుకున్న మొదటి తరం కొడుకులు చాలామంది డప్పును అటకెక్కించారు. కొందరు పొయ్యిలో పెట్టారు. "డప్పు కొట్టం" అన్నందుకు దెబ్బలు తిన్న వాడలున్నాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయ్యాక అదే డప్పు చంకనేసుకుని జనం రోడ్డెక్కారు. చిర్రా, చిటికెనపుల్లా పట్టడం మరిచిపోయిన కుర్రాళ్ళు మళ్ళీ తాతల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే కోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యవచ్చన్నది. 2025లో తెలంగాణ దాన్ని అమలులోకి తెచ్చింది. ఈ విషయంలో మాల, మాదిగ మిత్రుల మధ్య అభిప్రాయభేదాలు మాకూ తెలుసు, ఇక్కడ వాటి జోలికి పోవటంలేదు. మేం చెప్పేది డప్పు గురించే. పొయ్యిలో పెట్టిన తండ్రిదీ ఆత్మగౌరవమే, మంటకు కాపి మళ్ళీ మోగించిన కొడుకుదీ ఆత్మగౌరవమే. ఒకరిని ముందుకుపోయినవాడనీ, ఇంకొకర్ని వెనకబడ్డవాడనీ రాసే వ్యాసాలు మాకు రుచించవు.

ఇక ట్రంకుపెట్టె. కోస్తాలోని ఆ ముసలమ్మ చివరికి పెట్టె తీసింది. పైన ఒక దుప్పటి. దాని కింద అట్ట ఊడిన బైబిలు, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి దొరికి బతికినవాళ్ళు ఆ ప్రాంతంలో ఎందరో. ఆ పనిలో కొంత భాగాన్ని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చదవటం రాని ఇళ్ళల్లోకి ఒక పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం మొదట్లో, చివర్లో తెల్లకాగితాలున్నాయి. చాలా ఇళ్ళల్లో వాటిమీద పుట్టుకలూ, పెళ్ళిళ్ళూ, చావులూ రాసుకున్నారు. మునసబు లెక్కల్లో మనం కూలీల కింద, శిస్తు కింద కనపడతాం. కరణం పుస్తకంలో పేరు చివర 'గాడు' తగిలించి ఉంటుంది. బైబిలు అట్ట లోపల మాత్రం పూర్తి పేరుంటుంది. మా దృష్టిలో అవి మనవాళ్ళు తమ గురించి తాము రాసుకున్న మొదటి చరిత్ర పత్రాల్లో చేరతాయి. ఆ ముసలమ్మ బైబిల్లో ఒక కొడుకు పుట్టిన తేదీ ఉంది, ఇంకో కొడుకు పేరు కింద "తుపానుకు ముందు" అని మాత్రమే ఉంది. తుపాను అంటే 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన.

అదే సంచిలో కులం సర్టిఫికెట్టు ఉంది. ఎస్సీ, హిందూ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. సర్టిఫికెట్టు మీద క్రైస్తవుడని రాయించుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చేది బీసీ-సీ. దూరం పెట్టేవాడు బాప్తిస్మం తీసుకున్నావా అని అడిగి దూరం పెట్టడుగదా! అయినా చట్టానికి అది పట్టదు. అందుకని విచారణకు ఆఫీసునుంచి మనిషి వస్తున్నాడంటే కొన్ని ఇళ్ళల్లో బైబిలు గూట్లోంచి దిగి పెట్టె అడుక్కు పోతుంది. సర్టిఫికెట్టు పైకి వస్తుంది. కుటుంబ చరిత్ర రాసుకున్న పుస్తకాన్ని బతుకుతెరువు కాగితం కోసం దాచుకోవాల్సి రావటం మామూలు అవమానం కాదు.

తెలంగాణలో ఇంకోరకం కాగితం ఉండేది. అది మన పెట్టెలో ఉండేది కాదు, దొర పెట్టెలో ఉండేది. పెళ్ళికో చావుకో తీసుకున్న అప్పుకు వేలిముద్ర వేసిన నోటు. ఆ నోటు తీరేదాకా తండ్రీ, తర్వాత కొడుకూ భగేలా. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చినా నోట్లు పెట్టెల్లోంచి కదల్లేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 నాటిది. ఒక మనిషి జీవితానికి సంబంధించిన ఒకే ఒక్క కాగితం ఇంకొకడి ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఊహించండి.

బిందె మాట చెప్పకపోతే ఈ వ్యాసం కుంటిది. 1935 నవంబరులో గుజరాత్‌లోని జాను అనే ఊళ్ళో కాస్త కలిగిన అంటరాని ఇళ్ళ ఆడవాళ్ళు మట్టికుండలు మాని లోహపు బిందెలతో నీళ్ళకు పోవటం మొదలుపెడితే, సవర్ణులు అది తమకు పరాభవమని వాళ్ళమీద పడి కొట్టారు. కుల నిర్మూలన పుస్తకంలో అంబేడ్కర్ ఈ సంగతి చెప్పాడు. దానికి యాభై ఏళ్ళకు, 1985 జులైలో, కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ళలో కలుస్తుంటే ఒక మాదిగ కుర్రాడు ఇదేమిటన్నాడు. వాణ్ణి కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త మీదికి కూడా చెయ్యెత్తితే ఆమె చేతిలో బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది.

కట్టుబట్టలతో అని సులువుగా రాసేశాం. పెట్టెలు వెనక ఉండిపోయినాయని దానర్థం. ఎవరి తల్లి కడియాలు, ఎవరి కొడుకు పదో తరగతి మార్కుల కాగితం, ఎవరి పెళ్ళి ఫొటో. మీరు ఏ దాడి మీద నిజనిర్ధారణ నివేదిక తీసినా ఎంత ధాన్యం, ఎన్ని మంచాలు, ఎన్ని ఇళ్ళ కప్పులు అని రాస్తారు. నష్టపరిహారానికి అది కావాలి. ఈ వస్తువులకు మాత్రం ఆ పట్టికలో గడి ఉండదు. నివేదికలు రాసేవాళ్ళల్లో మేమూ ఉన్నాం. మేం కూడా అడగలేదు.

పోగొట్టుకోవటం అంబేడ్కర్‌కీ తెలుసు. 1917లో లండను నుంచి వచ్చేటప్పుడు పుస్తకాలూ సామానూ వేరే ఓడలో వేస్తే, యుద్ధంలో ఆ ఓడను టార్పెడోతో ముంచారు. దానికి వచ్చిన పరిహారం బరోడా ఉద్యోగానికి పోవటానికి దారిఖర్చయింది. బరోడాలో పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొడితే కామాఠీబాగు తోటలో చెట్టుకింద కూర్చున్నాడు. ఆ మనిషి తర్వాత దాదరులో పుస్తకాల కోసమే అన్నట్టు రాజగృహ కట్టుకున్నాడు. ఆయన బట్టలూ, టైపురైటరూ ఇప్పుడు నాగపూరు దగ్గర చిచోలీలో శాంతివనంలో ఉన్నాయి. ఢిల్లీలో ఆయన దగ్గర పనిచేసిన నానక్‌చంద్ రత్తూ వాటిని ఏళ్ళతరబడి దాచి అప్పగించాడు. ఏ ప్రభుత్వమూ అడగకముందే దాచాడు.

ముసలమ్మ పెట్టెలో అడుగున ఇంకొక చిన్న మూట ఉంది, ఎర్రగుడ్డలో కట్టింది. అదేమిటని మాలో ఒకరు అడిగారు. "అది మీ రాతకు కాదులే" అని దుప్పటి కప్పేసి, నాట్లకు టైమైందని లేచింది. మేం పెట్టె మంచం కిందికి నెట్టి ఆమెతోపాటు బయటికొచ్చాం.